రేడియోలో టిఫిన్ మాట

గురువారం

సాయంత్రం రేడియోలో జిల్లా వార్తల తర్వాత బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మీద కార్యక్రమం వచ్చింది. అందులో, అక్కడ పనిచేసిన మా ఆయన మాటలు, నిరుడు రికార్డు చేసినవి, వేశారు. ఆయన పోయి నాలుగు నెలలు. పక్కింటి సుశీలక్కను కూడా వినడానికి పిలిచాను.

చెరకు బండ్ల గురించి చెప్పి ఆయన నవ్వారు. "ఫ్యాక్టరీ బందైనంక గూడ రెండు నెలలు టిఫిన్ పట్టుకొని పోయిన. గేటు కాడ కూసొని తిని వచ్చేది. మిషన్లు సూసే పనికి ఉంచుకున్నరని ఇంట్ల చెప్పిన. మా ఇంటామెకు అంతా ఎరుకే. ఒక్కనాడు అడగలే. ఇంకింత ఎక్కువనే కట్టేది."

సుశీలక్క నా చెయ్యి పట్టుకుంది. "ఎంత ఓపికనే నీకు" అంది.

ఆయనకు అక్కడ పని లేదని నాకు తెలియదు. నిజంగానే తెలియదు. పని చేసే మనిషికి చాలదేమోనని ఎక్కువ కట్టాను. డబ్బాలో అన్నం మిగిలి వస్తే, "గంత పని జేసి గింతేనా తినేది?" అని కోప్పడ్డాను కూడా. ఆ మాట ఆయన ఎట్లా విన్నారో.

తెలిసి ఉంటే అడగకుండా ఉండేదాన్నా? ఉండేదాన్ని కాదు. ఆయన మాత్రం నేను అంత మంచిదాన్నని అనుకునే పోయారు.