కొలవని కన్ను

కంటి ఆసుపత్రి సూపరింటెండెంటుగారి సముఖమునకు, అదే ఆసుపత్రి కుట్టుపని గదిలో మూడో మిషను మీద పనిచేయు దర్జీ పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుడికంటి శుక్లం ఆపరేషనుకు ముందు సదరు కంటిని కొలిపించవలెనని కోరుట గురించి.

1. ఆపరేషను బల్ల మీద రోగి ముఖాన కప్పే ఆకుపచ్చ గుడ్డలు, కోసే కన్ను మాత్రం కనపడేలా నడుమ రంధ్రమున్నవి, ఏళ్ల తరబడి నేనే కుడుతున్నానని తమకు తెలియకపోవచ్చు. కిందటి వేసవిలో రంధ్రం కొలతకన్నా నూలుపోగంత పెద్దదైందని స్టోరు గుమాస్తాగారు కట్ట మొత్తం వెనక్కి పంపారు. విప్పి మళ్లీ కుట్టాను. కొలత కొలతే గదా అనుకున్నాను.

2. తదుపరి నా ఎడమకంటికి శుక్లం ఆపరేషను జరిగినది. బల్లల వరుసలో నా వంతు రాగానే నర్సమ్మ, "కళ్లు పెద్దవి చేసి చూడమ్మా" అన్నారు. "ఇవే పెద్దవమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను కుట్టిన గుడ్డే నా మొహాన కప్పారు. కంటి పొడవు మాత్రం ఎవరూ కొలవలేదు. కట్టు విప్పేసరికి ఆ కంటికి వెలుతురు కూడా తెలియలేదు.

3. తరవాత పెద్ద డాక్టరుగారు చూసి చెప్పినది: "నీ కన్ను పుట్టుకతోనే మరీ చిన్నదమ్మా. ఇలాంటి కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే వెనకపొరల్లో నీరు చేరుతుంది, నెత్తురు కమ్ముతుంది. ముందే తెలిసుంటే జాగ్రత్తపడేవాళ్లం." తెలుసుకోవడం ఎవరి పని అని ఆ రోజు నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

4. సదరు విషయమై ఆఫీసులో విచారించగా, "రోజుకు ఇంతమందికి చేయాలి, ఒక్కొక్కరినీ కొలుస్తూ కూర్చుంటే అయినట్టే" అని సెలవిచ్చారు. కుడికంటికి వచ్చే బుధవారం అదే వరుసలో వంతు వేశారు. ఈ కన్నూ మసకబారింది. సూదిలో దారం మా అత్తగారు ఎక్కించి ఇస్తున్నారు. ఆవిడ డెబ్బై దాటిన మనిషి. నిన్న మాత్రం ఉండబట్టలేక, "ఉన్న ఆ ఒక్కదాన్నీ వాళ్ల చేతుల్లో పెడతావా అమ్మాయ్" అన్నారు. "పెట్టక ఏం చేయను అత్తయ్యా" అన్నాను. ఆపరేషను లేకపోతే చూపు మెల్లగా పోతుంది, వెనకటిలాగే చేస్తే ఒక్క పూటలో పోతుంది. భయంగా ఉందయ్యా.

5. కావున కోరునది ఏమనగా, కంటి పొడవు ముందుగా కొలవవలెను. అంత చిన్న కంటికి తగిన ఎక్కువ పవరు లెన్సు వచ్చేదాకా ఆపరేషను వాయిదా వేయవలెను. కోసినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోకుండా, బల్ల ఎక్కించే ముందే దాన్ని మెల్లగా తగ్గించే మందు సెలైనులా ఎక్కించవలెను. లోపల నీరు నిలవకుండా కంటి తెల్లపొరకు చిన్న కిటికీలు కోయాలో వద్దో పెద్ద డాక్టరుగారే చూసి, ఆయనే తొందరపడకుండా చేయవలెను. ఇవేవీ నా సొంత తెలివి కాదు, ఆయన చెప్పినవే. ఎడమకన్ను పోయాక చెప్పారు.

కుడికన్ను ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో మిషను దర్జీ

తా.క.: ఈ వారం గుడ్డల కట్ట స్టోరుకు చేర్చాను. అన్నీ కొలత ప్రకారమే ఉన్నాయి, గుమాస్తాగారు చూసుకోవచ్చు. ఒక్క గుడ్డకు మాత్రం రంధ్రం కోయకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. అది బుధవారం నా మొహాన కప్పేది. ముందు నా కన్ను కొలవండి, అప్పుడు కోసి ఇస్తాను.