తాత పేరు దాచిపెట్టిన రోజు

ఎంజీ, బకీ దగ్గర
మంగళవారం, 13 మార్చి 1951

ప్రియమైన అమ్మకు,

నీ ఫీమీ వందనాలు. నాన్న, నాన్నమ్మ, చంటివాడు, నేను, అందరం కులాసా. జ్వరం తగ్గిందని రాశావు, సంతోషం. మంచు పడుతున్నా శానిటోరియంలో కిటికీలు తెరిచే ఉంచుతున్నారా? ఉన్ని శాలువా పంపుతున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కోళ్లు మళ్లీ గుడ్లు పెడుతున్నాయి. నాన్న ఓట్స్ జావ మాడ్చకుండా కాయడం నేర్చుకున్నారు. చంటివాడు సీసా పాలు చివరిదాకా తాగుతున్నాడు.

చంటివాడి పేరు లోరిమర్ అంటే ఏమిటని నర్సు అడిగిందట కదా. నాకు బడిలో బహుమతిగా వచ్చిన నిఘంటువులో చూశాను. గుర్రపు సామానులో ఇనుప పని చేసేవాడని అర్థం. కళ్ళెంలో గుర్రం నోట పట్టే కడ్డీ, రికాబులు, బకిల్సు ఇవన్నీ వాడి పనే. తోలుపని వేరేవాళ్లది. పగ్గానికున్న లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా మన దగ్గరికి వచ్చిందట. పూర్వం పట్టణాల్లో లోరిమర్లు సుత్తిపనివాళ్ల సంఘంలో ఉండేవారు. వృత్తి పోయి ఇంటిపేరు మిగిలింది. తల్లి పుట్టింటి పేరు పిల్లలకు పెట్టుకోవడం మనలో ఉన్నదే కనుక, అది వీడి పేరు కూడా అయిందని నర్సుతో చెప్పు.

నీ ఉత్తరంలో ఇంకో మాట రాశావు. "మీ మామయ్య వాల్టర్ యుద్ధంలో పోయాక మా నాన్న పేరు నాతోనే ఆగిపోతుందనుకున్నాను. నా కోసం నువ్వు నిలబెట్టావు, ఫీమీ." అది చదివాక నీకు అసలు సంగతి చెప్పకుండా ఉండలేను. జరిగింది రాస్తాను.

నిన్ను శానిటోరియానికి తీసుకెళ్లిన మరునాడు, చంటివాడు పుట్టిన అయిదో రోజు. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. పొద్దుటి నుంచి పాలు తాగలేదు, మధ్యాహ్నానికి పెదాలు నీలంగా మారాయి. నాన్న పార తీసుకుని డాక్టరు కోసం వెళ్లారు. నాన్నమ్మ వాణ్ణి పొయ్యి దగ్గర ఒళ్లో పెట్టుకుంది.

"ఫాదర్ అందనప్పుడు జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చని బడిలో సిస్టర్లు నేర్పారుగా నీకు. నీళ్లు పొయ్యి," అంది.

కెటిల్లో నీళ్లు చల్లార్చి తెచ్చాను. మొదటి మగపిల్లాడికి నాన్న తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ కదా, తాతయ్య పేరే అనుకుని, "ఆర్చిబాల్డ్..." అని మొదలుపెట్టబోయాను. నాన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆ పేరు వద్దే. బతికేవాడికి దాచు. నా మొదటోడికి మా మామగారి పేరు పెట్టి వారానికే పాతిపెట్టా. తర్వాతోడికి మళ్లీ అదే పెట్టా, వాడే మీ నాన్న. జేమ్సూ అని పిలిచినప్పుడల్లా ఆ గుంటే కనపడేది. వీడికి ఏదో ఒకటి పెట్టెయ్."

ఏదో ఒకటి అనగానే నాకు నీ పుట్టింటి పేరు తట్టింది. ఆ పేరు ఇంకెవరికీ దాచనక్కర్లేదు అనిపించింది. లోరిమర్ అని నీళ్లు పోశాను.

సాయంత్రానికి డాక్టరు వచ్చాడు. తెల్లారేసరికి వాడు పాలకు ఏడ్చాడు.

దారులు తెరుచుకున్నాక ఫాదర్ చిజమ్ వచ్చారు. "నీళ్లూ సరే, మాటలూ సరే. మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వడం కుదరదు," అన్నారు.

"పోనీ పేరొక్కటీ కడిగెయ్యండి, ఫాదర్," అంది నాన్నమ్మ.

"అది మసిగుడ్డా అమ్మా, కడగడానికి? జనన రిజిస్టరులో ఏం రాయించుకుంటారో మీ ఇష్టం."

అప్పటి నుంచి నాన్నమ్మ వాణ్ణి ఆర్చీ అంటోంది. నన్ను బిషప్ గారూ అంటోంది. నిన్న ఆ పోరులో అసలు సంగతి నాన్న ముందు బయటపడింది. ఆయన చాలాసేపు బూట్ల బురద గీకుతూ కూర్చున్నారు.

"మీ అమ్మకి అంతా రాయి. తెలిశాక ఆవిడ ఏ పేరంటే అది రాయిస్తా," అన్నారు.

పుట్టుక నమోదుకు ఇరవై ఒక్క రోజుల గడువు శనివారంతో అయిపోతుంది. నాన్న శుక్రవారం రిజిస్ట్రారు దగ్గరికి వెళతారు. అందుకని వెంటనే జవాబు రాయి, లేదా నర్సు చేత తంతి ఇప్పించు. లోరిమర్ అన్నా సరే, అది నీ మీద ప్రేమతో పెట్టానని మాత్రం అనుకోకు. వాడు దక్కడనుకుని మీ నాన్న పేరును వాడితో పంపేశాను, అమ్మా.

ఇట్లు,
నీ కూతురు,
ఫీమీ