పోయింది అన్న మాట

మామయ్యగారికి,

మీ అల్లుడు తల దించుకుని రాస్తున్న ఉత్తరం ఇది. ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదు. నేను మీ స్థానంలో ఉన్నా ఎత్తను. అందుకే దీన్ని మీ అమ్మాయి చేతికిచ్చి పంపుతున్నాను. మొదట రాసినదాన్ని తను చదివి, "ఇంత తియ్యతియ్యగా రాశారేంటి? చెప్పాల్సిందొక్కటి తప్ప అన్నీ ఉన్నాయి" అని చించేసింది. ఇది రెండోది.

మా షెడ్డులో పని ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ఒడ్డున ఏరిన సముద్రపు నాచును తొట్లలో పోసి, ఆడవాళ్లు మంచినీళ్లు మార్చి మార్చి కడుగుతారు. ఉప్పు పూర్తిగా వదిలిందో లేదో తేల్చేది నేను. ఒక పోగు నోట్లో వేసుకుని నమిలి "పోయింది" అంటాను. అంటే ఉప్పు పోయిందని. ఆ తర్వాతే నాచును ఆరబెట్టి, పొడి కొట్టి, ఎరువుగా బస్తాలకెత్తుతారు. "పొద్దున లేస్తే పోయింది, పోయింది. ఈయన నోట్లోంచి మంచిమాటే రాదు" అని వాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. ఆ మాట నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ రోజు మీరు ఫోను చేసి "పోయింది అల్లుడూ" అనగానే "మంచిది మామయ్యా" అనేశాను. మీరు చెబుతున్నది మీ టమాటా తోట గురించని అర్థమయ్యేసరికి మీరు ఫోను పెట్టేశారు. అక్కడే చచ్చిపోవాలనిపించింది.

ఇక చెప్పాల్సిందొక్కటి చెబుతాను. ఆ మధ్య వచ్చిన జ్వరం తగ్గింది గానీ నా నోటికి రుచి తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మీ అమ్మాయి హడావిడిలో చక్కెర బదులు ఉప్పు వేసి టీ ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, "ఇవాళ బాగా కుదిరింది" అన్నాను. తను ఒక గుక్క తాగి ఉమ్మేసి, నా ఖాళీ గ్లాసు వైపు చూసింది. "ఎన్నాళ్లుగా ఇలా?" అని అడిగింది. నవ్వేసి షెడ్డుకు బయల్దేరాను. నాలుక చచ్చినవాడికి ఆ షెడ్డులో పనేముంది మామయ్యా? చదువు అంతంతమాత్రం. నమిలి చెప్పడం తప్ప నాకు వేరే విద్య లేదు. తీసేస్తారని భయం. ఆ భయంతోనే తొట్టి దగ్గర నిలబడి, నోట్లో ఏముందో తెలియకపోయినా, పెద్దమనిషిలా తలాడించి "పోయింది" అంటూ వచ్చాను. ఆ నాచు పొడే మీ తోటకు చేరింది.

ఇంతవరకూ అయితే పొరపాటు అనుకోవచ్చు. రైతు సంఘం సభలో నేను చేసింది పొరపాటు కాదు. అంచులు మాడిన ఆకు చేత్తో పట్టుకుని మీరు లేచి, "అల్లుడూ, ఇదేంటో చూసి చెప్పు" అని మెల్లగా అడిగారు. ఆకు చూడగానే ఉప్పేనేమో అనిపించింది. అయినా అంతమంది ముందు నా నాలుక సంగతి బయటపడుతుందని, "ఇది యూరియా మాడు. మామయ్యగారు రెండు పడవల మీద కాళ్లు పెట్టారు. పైకి నాచు, లోపల యూరియా" అన్నాను. అందరూ నవ్వారు. మీరు చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. రసాయనాలు మానేయమని మీ కాళ్లావేళ్లా పడి ఒప్పించింది నేను. నన్ను నమ్మినందుకు మిమ్మల్ని నలుగురిలో దొంగను చేశాను. అప్పటినుంచి అద్దంలో నా ముఖం చూసుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు. షెడ్డులో పని మానేస్తాను. మీరు క్షమించానని ఒక్క మాట కబురు చేస్తే, వచ్చే సభలో నిజం చెబుతాను. మీ మాట కోసం ఎదురుచూస్తూ ఉంటాను.

మీకు ముఖం చూపించలేని,
మీ అల్లుడు


అల్లుడూ,

నీ ఉత్తరం అమ్మాయి చదివి వినిపించింది. మీ అత్తయ్య పక్కనే ఉంది కాబట్టి నేను దాన్ని దాచడానికి కూడా వీల్లేకపోయింది. సభలో నువ్వన్న మాటకు నేను నొచ్చుకుని వెళ్లిపోయాననుకున్నావు. కాదు. దొరికిపోయాననుకున్నాను.

పక్క తోట పచ్చగా నిగనిగలాడుతుంటే, నా మొక్కలు పాలిపోయి కనిపించాయి. నాచు నిదానంగా పనిచేస్తుందని నువ్వు చెప్పావు. ఆగలేకపోయాను. మీ అత్తయ్యకు కూడా తెలియకుండా మొదళ్ల దగ్గర యూరియా చల్లాను. కొత్తవాణ్ణి కాదు, ఎంత చల్లాలో తెలుసు. ఆత్రంలో చెయ్యి ఆగలేదు. ఏదో తెగులని నువ్వంటే బావుండునన్న ఆశతో సభలో ఆ ఆకు చూపించాను. నువ్వు చీకట్లో రాయి విసిరావు, అది వచ్చి సరిగ్గా నాకే తగిలింది. ఫోను ఎత్తనిది కోపంతో కాదు, నీకు ఏం చెప్పాలో తెలియక. మొక్కల్ని నీ ఉప్పు చంపిందో నా యూరియా చంపిందో ఆ మొక్కలకే తెలియాలి. కాబట్టి క్షమాపణ సంగతి వదిలెయ్. ఇచ్చే అర్హత నాకు లేదు.

కానీ ఒకటి అడుగుతాను. ఇంత పొడుగు ఉత్తరంలో నీ సిగ్గు ఉంది, నీ ఉద్యోగం ఉంది, నా క్షమాపణ ఉంది. ఆ తొట్ల నాచు ఇంకా ఎవరెవరి తోటలకు వెళ్లిందో ఒక్క ముక్క లేదు. నేను క్షమించేదాకా వాళ్ల మొక్కలు ఆగుతాయా?

అమ్మాయి చదవడం ఆపగానే బయల్దేరి, ఊళ్లో మీ షెడ్డు బస్తాలు తీసుకున్న ఇళ్లన్నీ తిరిగాను. విప్పొద్దని చెప్పాను. ఎందుకని అడిగారు. నీ సంగతి నువ్వే చెప్పుకోవాలని, నా సంగతి మాత్రం చెప్పాను. అదే తప్పయింది. "అయితే పాడు చేసింది మీ యూరియానా? నాచు మంచిదేనన్నమాట" అని సంఘం పెద్ద నవ్వాడు. అందరికీ ధైర్యం వచ్చింది. నేను చెప్పిన సగం నిజం మొత్తం అబద్ధమై కూర్చుంది. బతిమాలి రేపు పొద్దుటిదాకా ఆపాను. పొద్దున్నే అందరూ మన వాకిట్లోకి వస్తారు, ఆ తర్వాత బస్తాలు విప్పుతారు.

నువ్వు రాకపోతే తనే చెబుతానని అమ్మాయి ఇక్కడే ఉండిపోయింది. తను చెబితే తోటలు బతుకుతాయి, అది చాలు. కానీ నీ నిజం నీ భార్య నోట వింటే, ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా ఇక్కడ ఎవరూ వినరు. నేనూ వినను. ఫోను చేస్తే సగం చెప్పి పెట్టేస్తానేమో, అందుకే రాసి బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. పొద్దున మొదటి బస్సెక్కు.

నీ పక్కన నిలబడబోయే,
మామయ్య