మూడో పిలుపు దాకా

మే 6, మంగళవారం

పాప ఇంకా రాలేదు. విమానం పొద్దున్నే దిగిందట. దిగితే ఫోన్ చెయ్యాలి కదా... చెయ్యలేదు. నాగరత్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి పడుకుంది. విమానంలో పనిచేసే కన్నకూతురు ఇంకా ఇల్లు చేరకపోతే దానికి నిద్ర ఎట్లా పడుతుందో. నాకు ఒకటే ఆత్రం, వాకిలికీ వంటింటికీ తిరుగుతున్నాను. రాస్తుంటే కాస్త తగ్గుతుంది.

అదే రోజు, మధ్యాహ్నం

వచ్చింది. తలుపు బయట "అవ్వా" అంది. నేను పలకలేదు. మళ్ళీ అంది. మూడోసారి అన్నాకే గడియ తీశాను.

"నేనే కదవ్వా. ఎండలో నిలబెడతావా?"

"ఎవరైనా సరే, మూడుసార్లు పిలవల్ల. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తాదని ఎన్నిసార్లు చెప్పినాను నీకు?"

"మా విమానంలో నీకు పనిస్తే మొదటి రోజే ఇంటికి పంపిచ్చేస్తారు పో."

అంది గానీ నవ్వలేదు. మణికట్టు మీద గోళ్ళ గీతలు. అడిగితే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

మే 7

అన్నం కలిపి పెడుతుంటే చెప్పింది, ముద్దకొక ముక్క.

మలేషియా నుంచి వచ్చే విమానం. నలభై దాటిన మనిషి, అక్కడేదో హోటల్లో వంటపని. కిటికీ పక్క సీటు ఖాళీ, దాని పక్కన ఇతను. భోజనం రెండు అడిగాడట. పక్కన ఎవరూ లేరు కదా సార్ అంటే — "ఉండాది. నిద్రపోతావుంది, మెల్లగా మాట్లాడు."

మన తెలుగే. పాపకు సంతోషం కూడా వేసిందట, మన పక్క మనిషని.

విమానం కిందికి దిగడం మొదలయ్యాక లేచాడు. "కృష్ణగిరి వచ్చేసింది! ఆపండి! దించల్ల!" తలుపు మీదికి పరుగు. జనం అరుపులు, పిల్లల ఏడుపు. వీళ్ళ పనివాళ్ళలో పెద్దామె తనూజ అడ్డం పోతే మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. ముందు నోటితో చెప్పాలట. తర్వాత కాగితం చూపించి హెచ్చరించాలట. అప్పటికీ వినకపోతే ప్లాస్టిక్ పట్టీతో చేతులు కట్టొచ్చట. మా పాపే కట్టింది. కోడిని చూస్తే భయపడే పిల్ల.

కట్టేశాక ఎవరో ఒకరు పక్కనే కూర్చుని కాపలా కాయాలి.

"ఆ ఖాళీ సీట్లోనే కూర్చున్నానవ్వా. చల్లగా ఉండింది. మనిషి అప్పుడే లేచిపోయిన సీటు వెచ్చగా ఉంటాది కదా... అది వేరే మాదిరి."

కాసేపటికి అతను మెత్తగా పిలిచాడు. గంగీ, అని. ఒక్కసారే.

మా పాప "ఆ, చెప్పండి సార్" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. స్కూల్లో, ఉద్యోగంలో, చొక్కా మీది పేరు బిళ్ళలో అది లావణ్య. గంగి అనేది మేమిద్దరమే, ఇంట్లో. తనూజ కూడా విని అడిగిందట — గంగి ఎవరు, అని.

"ఏంటికి పలికితివే?"

"అది మా పనవ్వా. ఒక్క పిలుపుకే పలకల్ల. ట్రైనింగులో అదే నేర్పిచ్చినారు."

పుట్టినప్పటి నుంచి నేను నేర్పినది కొన్ని నెలల్లో తుడిచేశారు.

మే 8

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. కొత్త మిరపకాయలే.

మే 10

సోఫాలో పాప ఒక అంచుకు ఒదిగి కూర్చుంటోంది. నాగరత్న పోయి పక్కన కూర్చోబోతే —

"ఆడొద్దమ్మా. ఈ పక్కకు రా."

"ఎవరుండారే ఆడ, మహారాణి?"

పాప ఆ చోటు వైపు చూసింది. మా వైపు చూసింది. "ఏమో. ఊరికే అన్నాను."

చాపమీద పడుకున్నా అంతే. సగం చాప ఖాళీ.

మే 12

పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చి రావాలని పొద్దున బెంగళూరు పోయింది. సాయంత్రానికి రావాలి. రాలేదు. వాకిట్లోనే కూర్చున్నాను. దీపం పెట్టే వేళకు ఆటోలో దిగింది.

"నిద్ర పట్టేసిందవ్వా. మన స్టాపు మూకండపల్లి దాటింది తెలీలేదు. శూళగిరిలో కండక్టరు చూసినాడు. ఎవరూ లేపలేదు."

ఎవరు లేపాలి? ఎప్పుడూ ఒక్కతే పోయి వచ్చే పిల్ల. ఎవరో లేపాల్సి ఉండి లేపనట్టు, ముక్కు ఎగబీల్చి, చిన్నపిల్ల అలిగినట్టు చెప్పింది.

మే 13

నిద్ర లేదు. కాళ్ళ నొప్పి.

మే 15, గురువారం

బయట ఆడగొంతు. "అమ్మా... అమ్మా... అమ్మోయ్." మూడుసార్లు. మనవాళ్ళెవరో, పద్ధతి తెలిసిన మనిషి అనుకుని తీశాను.

గంపలో మామిడికాయలు. ఆమె ఆ విమానం మనిషి పెళ్ళాం. కృష్ణగిరి అవతల కల్లావి నుంచి వచ్చింది. మొన్న పోలీసు స్టేషన్లో కాళ్ళ మీద పడితే పాప జాలిపడి ఇంటి గుర్తులు చెప్పిందట. పిచ్చిది. పాప స్నానానికి పోయి ఉంది. నేనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను.

"కేసు వెనక్కి తీసుకోమని చెప్పమ్మా. ఇంక విమానం ఎక్కనీరంట. పని పోతే మేమేం తినల్ల?"

"కొట్టేటప్పుడు తెలీలేదా మీ ఆయనకు?"

"ఈగను కొట్టే మనిషి కాదమ్మా. ఆ చెల్లెలి గ్యాపకం వస్తే అట్లయిపోతాడు."

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు కల్లావిలో తల్లి ఇద్దరినీ బస్సెక్కించింది, కృష్ణగిరిలో మామ ఇంటికి. చెల్లెలు కిటికీ పక్కన నిద్రపోయింది. బస్టాండు రాగానే వీడు ఒక్కడే దిగాడు. నిద్ర కళ్ళు, పిల్లని లేపడం మరిచిపోయాడు. గుర్తొచ్చి వెనక్కి తిరిగేసరికి బస్సు కదిలింది. కేకేసి ఒక్కసారి పిలిచాడు. అది పలకలేదు. బస్సు హోసూరు దోవ పట్టింది. పిల్ల దొరకనే లేదు.

"పేరు?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

"గంగి. మన పక్క ఇంటికొక గంగి ఉంటాది కదమ్మా."

మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి, నెమ్మదిగా అంది —

"ఇప్పుడు బాగుండాడమ్మా. కడుపు నిండా తింటాడు. మలేషియాలో ఎక్కినప్పటి నుంచి పక్క సీట్లో కూర్చునిందంట, దింపల్లని ఈ గలాటా. ఇన్నేళ్ళకు గంగి పలికింది, ఇంక నాకు బరువు లేదు అంటాడు. మీ పాపకు పుణ్యం. గంగి మీ పాప చెయ్యి పట్టుకునే దిగిపోయిందంట. కండ్లతో చూసినాడంట."

బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది.

మామిడికాయలు వద్దన్నాను. పెట్టేసి పోయింది.

మే 16

నాగరత్నకు చెప్పాను.

"నువ్వు ఈ మాట దాని చెవిలో వేసినావంటే చూడు! ఆ మొగోడికి పిచ్చి. నీకు అంతకన్నా పిచ్చి. మామిడికాయలు మాత్రం బాగుండాయి."

పాపకు చెప్పలేదు. చెప్తే ఉద్యోగం మానేస్తుందా? మానదు. చెప్పకపోతే... ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలికారు. పిలుపు ఎవరిది, పలుకు ఎవరిది, ఎవరు ఎవరి వెంట వచ్చింది — తల తిరుగుతోంది.

మే 18

రేపటి నుంచి డ్యూటీ. పాప బూట్లు బియ్యం డబ్బాలో దాచాను. నాగరత్న అన్నానికి బియ్యం తీస్తూ చూసింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను, పాప నవ్వుతోంది కదా అని. నవ్వు ఆపాక పాప పక్కకు తిరిగి, కింది వైపు చూసి, ఇంకొంచెం నవ్వింది. ఎవరికో చూపించినట్టు.

మే 19

పోయింది. పొయ్యేటప్పుడు వెనక నుంచి పిలవకూడదని పెదవి కరుచుకుని నిలబడ్డాను. మెట్ల దగ్గర ఆగింది, చెయ్యి కొంచెం వెనక్కి చాచి. ఎవరో అందుకునేదాకా ఆగినట్టు. తర్వాత దిగింది.

మే 21

ఫోన్ చేసింది. అంతా బాగుందట. రేపు మధ్యాహ్నం బస్సులో వస్తానంది. దాటిపోవద్దు, కండక్టరుకు ముందే చెప్పు అని పదే పదే చెప్పాను. "సరేలే అవ్వా, నేను చిన్నపిల్లనా?" అంది. ఆ మాటతో ప్రాణం కుదుటపడింది. ఇది నా పాపే.

మే 22, గురువారం

నడిమధ్యాహ్నం. కరెంటు లేదు. నాగరత్న పనికి పోయింది. వీధిలో కుక్క కూడా లేదు.

పాప నంబరుకు చేస్తే స్విచ్ ఆఫ్.

ఇప్పుడే ఫోన్ వచ్చింది. వేరే నంబరు. వెనక బస్సుల హారన్లు. పాప గొంతే —

"అవ్వా, కృష్ణగిరిలో దిగేసినాను. ఎవరన్నా వచ్చి నన్ను పిలుచుకొని పొండి."

పెట్టేసింది. తిరిగి చేస్తే ఎవరో అరవంలో, బస్టాండులో ఒక పాప అడిగితే ఫోన్ ఇచ్చాను, ఇప్పుడు ఇక్కడ లేదు అన్నాడు. పాప అంటే ఎంత పాప అని అడిగేలోపల కట్ అయింది.

నిద్రపోయి దాటిపోయిందేమో. ఫోన్లో చార్జి లేదేమో. అంతే అయి ఉంటుంది. కానీ విమానంలో దేశాలు తిరిగే పిల్ల, కృష్ణగిరి నుంచి ఇంటికి రావడానికి ఎవరో ఒకరు రావాలా?

చీర మార్చుకున్నాను. నేనే పోతాను. బస్సు ఎక్కడం నాకు భయం, అయినా పోతాను. చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరికి పోయి —

బయట "అవ్వా" అంది.

పాప గొంతే. అలిసిపోయిన గొంతు. ఎండలో నిలబడిన గొంతు.

కృష్ణగిరి నుంచి ఇంత తొందరగా ఎవరూ రాలేరు. ఇది పాపయితే అక్కడ బస్టాండులో ఉన్నది ఎవరు? పాప అక్కడ ఉంటే ఇది...

నోరు పలకబోతోంది. పలకకుండా ఉండాలనే రాస్తున్నాను. తలుపుకు ఆనుకుని రాస్తున్నాను.

"అవ్వా."

రెండు.

ఉద్యోగంలో పడి అది పద్ధతి మరిచిపోయి ఉంటే, మూడోది పిలవకుండా తిరిగి వెళ్ళిపోతే...

గడియ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.