పద్నాలుగో రొయ్య

1960 ఫిబ్రవరి 9

పదకొండు రోజులైంది. ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాసి పెట్టాలి.

పొద్దున ఆరున్నరకు కాఫీ. తర్వాత వంటింటి తలుపు మీద సుద్దతో మూడు అక్షరాలు రాశాను — సి, ఎం, ఎఫ్. తొమ్మిదేళ్ళ అలవాటు. ఆ మూడూ అదే వరసలో వచ్చే ఇంగ్లీషు మాట కామాక్షి సాయంత్రానికల్లా డిక్షనరీలో వెతికి పెట్టాలి. మధ్యలో వేరే అక్షరాలు ఎన్నున్నా సరే. ఎంత పొడుగు మాటైతే అన్ని మార్కులు. మా పెళ్ళినాటికి ఆమె చదివింది థర్డ్ ఫారం. ఈ మధ్య నాకు తెలియని మాటలు కూడా తెచ్చేది.

స్కూలుకు బయలుదేరుతుంటే గుమ్మంలోకి వచ్చింది. ఇవాళ్టిది కష్టం, దొరకదేమో అన్నాను.

"మీరొచ్చేలోపల చెప్తా, పోండి."

మూడో పీరియడ్‌లో ప్యూను వచ్చాడు. నేను ఇల్లు చేరేసరికి కామాక్షిని వెనక వసారాలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. గుండె అన్నాడు డాక్టరు. ముప్పై ఒకటో ఏడు. డిక్షనరీ కిటికీలో, మూసి.

ఫిబ్రవరి 12

అక్క మనుబోలు వెళ్ళిపోయింది. పోయే ముందు తడిగుడ్డ తీసుకుని వంటింటి తలుపు దగ్గరికి నడిచింది. "ఇంకా ఇవి ఎందుకురా, తుడిచేస్తా." వద్దక్కా అన్నాను. గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది.

ఫిబ్రవరి 15

స్కూలు. ఫోర్త్ ఫారం పిల్లలు మరీ బుద్ధిగా కూర్చున్నారు. భరించడం కష్టం.

ఫిబ్రవరి 17

పోలమ్మ వచ్చింది. మా వీధికి రొయ్యలు తెచ్చేది ఆమే. గంప దించకుండానే ఏడ్చింది. ఏడుపు ఆగాక చెప్పింది — ఆ రోజు పది గంటలప్పుడు వచ్చిందట. అప్పటికే కామాక్షికి మాట దొరికిందట. ఎప్పటిలాగే ఆమె ఒక్కో అక్షరం పలకడం, పోలమ్మ ఒక్కో రొయ్య పళ్ళెంలో వేయడం. ఒకసారి కామాక్షి అక్షరాల లెక్క తప్పితే వారం రోజులు ఎగతాళి చేశాను. అప్పటినుంచి ఈ సాక్ష్యం.

ఏం మాట అని అడిగాను.

"ఇంగిలీషు నాకేం తెలుసు అయ్యోరా. పళ్ళెంలో పద్నాలుగు రొయ్యలు పడినాయి. అది మటుకు తెలుసు."

పద్నాలుగు. నాకోసం దాచిన మాట. సాయంత్రం చెప్పవలసింది… ఆ డిక్షనరీలోనే ఉంది. ఎక్కడికీ పోలేదు.

ఫిబ్రవరి 18

ఎ నుంచి మొదలు.

అక్కడక్కడా పసుపు మరకలు. కొత్తల్లో వంట చేస్తూ పసుపు చేత్తోనే పేజీలు తిప్పేది. పుస్తకం పాడైపోతోందని ఒకరోజు గట్టిగా అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు ముట్టుకున్నా చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని. ఎనిమిదేళ్ళుగా ఒక్క మరక పడలేదు.

నేను అనకపోయి ఉంటే ఈ పాటికి ఆ పేజీ దొరికి ఉండేది.

ఫిబ్రవరి 24

సి. సర్కంఫరెన్స్ — పదమూడు. ఒకటి తక్కువ. కొట్టేశాను.

మార్చి 3

ఎల్ దాటాను. లేదు.

మార్చి 15

యు. అన్‌కంఫర్టబుల్. పైకి చదువుతూ లెక్కపెట్టాను. ఇదీ పదమూడే.

మార్చి 18

జెడ్ అయిపోయింది. పద్నాలుగు అక్షరాలది ఒక్కటీ లేదు. నేను దాటేసి ఉండాలి, లేదా ఆమె తప్పు పలికి ఉండాలి. ఆమె తప్పు పలకదు.

సాయంత్రం చెప్పులు విప్పుతూ "ఊఁ, చెప్పు" అన్నాను. పైకే.

మార్చి 20

మళ్ళీ ఎ.

మార్చి 27

ఇన్నాళ్ళకు రొయ్యలు తీసుకున్నాను. డజను అడిగాను. కడుగుతూ చూస్తే పదమూడు. పొరపాటున వేసింది కాబోలని ఒకటి పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళాను. పోలమ్మ నవ్వింది — ఆ రోజు తర్వాత ఆమె నవ్వగా చూడటం ఇదే.

"అది కొసరు అయ్యోరా. ఎవురన్నా కొసరు ఎనక్కి ఇస్తారా? అమ్మకి ఏయకుండా ఒక్కనాడన్నా పోయినానా?"

ఆ రోజు కూడా వేశావా అన్నాను.

"ఆ పొద్దూ ఏసినా." చిన్నబుచ్చుకుంది. "అమ్మ సదవడం అయినాక, ఇదో నీ కొసరు అని ఇంకోటి ఏసినా. మూడేళ్ళుగా ఏస్తా ఉండా, ఆ పొద్దు మానేస్తానా?"

రొయ్య చేతిలో పట్టుకుని అట్లాగే ఇంటికి వచ్చాను.

పదమూడు.

మార్చి 28

పదమూడు అక్షరాలవి రెండే మాటలు. మూడోది లేదు, కొట్టేసినవన్నీ మళ్ళీ చూశాను.

సర్కంఫరెన్స్. జనవరిలో పక్కింటి అమ్మాయి లెక్కల పుస్తకం మా ఇంట్లో ఉండేది. అందులో వృత్తం చుట్టుకొలత సంగతి కామాక్షి నన్ను అడిగింది. నేను చెప్తుంటే వినకుండా తన గాజు తీసి చుట్టూ దారం చుట్టి కొలిచింది. ఆ దారం ఇంకా అల్మరలో ఉంది. ఇది అయితే ఆ పొద్దు ఆమెకు ఏ బాధా లేదు. గాజు గుర్తొచ్చి నవ్వుకుని ఉంటుంది.

అన్‌కంఫర్టబుల్ అయితే…

మార్చి 30

ఫిబ్రవరి తొమ్మిదిన ఒక సంగతి వదిలేశాను. ఉన్నదున్నట్టు అని రాసి, వదిలేశాను.

ఆ పొద్దున నాకంటే ముందే లేచి పక్క మీద కూర్చుని ఉంది. నిద్ర పట్టలేదా అంటే "ఉక్కగా ఉందండీ" అంది. జనవరిలో ఉక్క. నేను కాఫీ అడిగాను.

రెండు పేజీలూ తీసి వెలుతురులో పెట్టి చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

ఏప్రిల్ 2

పోలమ్మను అడిగాను — ఆ పొద్దు అమ్మ ఎట్లా ఉండింది అని. నవ్వతా ఉండిందట. కొసరు వేశాక గడపకు ఆనుకుని కాసేపు కూర్చుందట. "నేను గంప ఎత్తుకుంటా ఉంటే మజ్జిగ తాగి పో అనింది. ఎండ ఎక్కవైంది గదా అనుకున్నా."

నవ్వు ఒకవైపు, గడప ఒకవైపు.

అక్షరాలు మళ్ళీ వింటే గుర్తు పట్టగలవా అన్నాను. మాట తెలియదుగానీ అమ్మ పలికిన తీరు చెవిలో ఉందంది. మొదట ఏమన్నదో, ఎక్కడ ఆగిందో… వింటే చెప్పగలనేమో అంది.

గాజు మాటే కావాలని ఉంది. రెండోదైతే, నాకు చెప్పాలని సాయంత్రానికి దాచుకున్నది ఆ ఉక్క సంగతే. అదైనా సరే, ఆమె చెప్పదలచుకున్నది నాకు కావాలి.

తలుపు మీద ఎఫ్ కొంచెం చెరిగింది. దిద్దలేదు.

రేపు పొద్దున పోలమ్మ రాగానే వెనక వసారాలో పళ్ళెం పెడతాను. రెండు మాటలూ ఒక్కో అక్షరం చదువుతాను, ఆమె రొయ్యలు వేస్తుంది. ఏది ముందు చదవాలో ఇంకా తేల్చుకోలేదు. కొసరు వద్దని మాత్రం చెప్పను.