ఒంటికాలి నెమలి

చెల్లె వాసంతీ,

నీ ఫోను కలవడం లేదు. అందుకే స్టేషన్ ఘన్‌పూర్ వస్తున్న పండరి చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. పిల్ల పుట్టినరోజుకు కిరాయికి చూసిన ఆ విల్లాకు అడ్వాన్సు కొట్టకు. నువ్వు పంపిన ఫొటోలో హాల్లో పరిచిన జంపఖానా నేను నేసిందే. మూలనున్న నెమలికి ఒకటే కాలుంది చూడు, రెండోది వేయడం మరిచింది నేనే. దాన్ని కొన్న సాంబమూర్తి సారుకు ఫోన్ చేశాను.

"ఆ ఇంట్ల మేమే ఉంటానం, కిరాయికి ఎవలిస్తాండ్లు?" అని గాబరాపడ్డాడు.

ఆయన ఇంటి ఫొటోలు ఎవడో ఎత్తుకుపోయి, తన విల్లా అని ఆన్‌లైన్‌లో కిరాయికి పెట్టాడు. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే బావకు భయపడి దాచకు, వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి. నీ జవాబు వచ్చేదాకా మగ్గం మీద నాకు చేతులాడవు.

ఫొటో ఎట్లా గుర్తుపట్టావని సారు అడుగుతున్నాడు. నా తప్పు ఒప్పుకోలేక, రంగులు చూసి అని చెప్పాను. ఆ రెండో కాలి సంగతి ఎప్పుడైనా నిన్ను అడిగితే, నెమలి ఒంటికాలి మీద నిలబడిందని చెప్పు.

మట్టెవాడ నుంచి,
అన్న