మగచేప నోట్లో పిల్లలు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. బొగ్గుగనుల సమ్మెతో బర్మింగ్‌హామ్‌లో కరెంటు కోతలు. అయినా నీళ్లు చల్లబడకుండా మీ అక్వేరియానికి దుప్పటి కప్పి కాపాడాను. మీ క్రిబెన్సిస్ చేపల జంట అందులోని మట్టికుండీలో గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసింది.

మగదాని మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఈ సాయంత్రం అది ఒక్కో పిల్లనీ నోట్లోకి లాక్కుంటోంది. తినేస్తోందని వల పట్టుకుని పరుగెత్తాను. మన సుధ నా చెయ్యి పట్టేసుకుంది.

"నో అమ్మా! జస్ట్ వాచ్!"

మగచేప కుండీలో దూరి పిల్లలన్నిటినీ ప్రాణాలతో వదిలింది. చీకటి పడేముందు అలా ఇంటికి చేరుస్తుందట.

"నీకెవరు చెప్పారే?"

"నాన్న. హాస్పిటల్‌కి వెళ్లేముందు ఎవ్రీథింగ్ నేర్పించారు. నీకు చెప్పొద్దన్నారు."

నాతో మాత్రం చిన్న ఆపరేషనే, వారంలో వచ్చేస్తానన్నారు. మీరే డాక్టరు కదా అని నమ్మాను. నిజం చెప్పండి, తిరిగి రారని మీకు ముందే తెలుసా?